ఎనభై నాలుగవ సెక్షను: తెలిసినంతమాత్రాన మతి ఉన్నట్లేనా?

హైదరాబాదుకు పడమట, సంగారెడ్డి జిల్లాలో, తెల్లాపూరు అనే ఊరున్నది. ఒకప్పుడు పొలాలు, చెరువులు మాత్రమే ఉన్న ఆ ప్రాంతంలో ఈ కాలాన ఇరవై, ముప్పై అంతస్తుల మేడలు లేచినవి. అట్టి మేడలో కాపురమున్న ఒక యువకుణ్ణి ఉదాహరణకు ఊహించుకొందాము. కొన్ని నెలలుగా అతనికి నిద్ర లేదు. పై అంతస్తులోని మనిషి గోడగుండా ఏవో కిరణాలు పంపి తన ఆలోచనలను దొంగిలిస్తున్నాడని అతని నమ్మకం. ఎవరెంత నచ్చజెప్పినా ఆ నమ్మకం సడలదు. అయినప్పటికీ అతడు ఉద్యోగానికి పోతూనే ఉన్నాడు. లెక్కలు తప్పడం లేదు. పాలవానికి నెలనెలా డబ్బు సరిగానే ఇస్తున్నాడు. ఒకనాడు లిఫ్టు దగ్గర ఆ పై అంతస్తు మనిషిని ఇనుపకడ్డీతో కొట్టి, కడ్డీని పొదలలో పారవేసి పారిపోయాడు. దెబ్బ తిన్నవాడు మరణించాడు.

ఇతడు నేరస్థుడా? రోగియా?

ఈ ప్రశ్నకు మన శిక్షాస్మృతి ఒకే ఒక వాక్యంలో సమాధానం చెప్పినది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో అది 84వ సెక్షను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దాదాపు అవే మాటలతో 22వ సెక్షనుగా నిలిచియున్నది. దాని సారాంశమిది: ఒక పని చేసిన సమయమందు, మతిస్థిమితం లేని కారణాన, తాను చేస్తున్న పని ఎట్టిదో గాని, అది తప్పు లేక చట్టవిరుద్ధం అని గాని తెలిసికొనలేని స్థితిలో ఉన్న వ్యక్తి చేసినది నేరం కాదు.

వాక్యం చిన్నదైనను బరువంతా ఒక్క క్రియపై మోపబడియున్నది: ‘తెలిసికొనుట’. మన యువకునికి తెలియనిదేమిటి? చేతిలోనిది ఇనుపకడ్డీ అని తెలుసు. ఎదుటనున్నది మనిషి అని తెలుసు. కొడితే పోలీసులు పట్టుకొంటారని తెలుసు; లేకున్న కడ్డీని దాచడు గదా! ఈ వాక్యం ప్రకారం అతనికి మినహాయింపు దొరకుట కష్టం. కాని అతని రోగం దెబ్బ తీసినది తెలివిని కాదు, నమ్మకాన్ని. పరీక్షలో ప్రశ్నను తప్పుగా ఎత్తి వ్రాసికొని, ఆ తరువాత ప్రతి మెట్టూ సరిగానే చేసిన విద్యార్థిని ఉపాధ్యాయులు చూచియుందురు. మెట్లన్నీ ఒప్పు, జవాబు తప్పు. 84వ సెక్షను మెట్లను మాత్రమే దిద్దుతున్నది. ఎత్తి వ్రాసిన ప్రశ్న వంక చూడదు.

ఈ లోపం ఎక్కడినుండి వచ్చినదో తెలిసికొనుటకు లండన్ నగరానికి పోవలసియున్నది. 1843 జనవరిలో డానియల్ మెక్‌నాటన్ అనే స్కాట్లండు వడ్రంగి, ప్రధానమంత్రి రాబర్ట్ పీల్ కార్యదర్శియైన ఎడ్వర్డ్ డ్రమ్మండును తుపాకితో కాల్చాడు. కొద్ది రోజులకు డ్రమ్మండు మరణించాడు. టోరీ పక్షంవారు తనను ఊరూరా వెంటాడి హింసిస్తున్నారని మెక్‌నాటన్ నమ్మకం. వైద్యుల సాక్ష్యం విని జ్యూరీ అతణ్ణి ఉన్మాద కారణాన నిర్దోషి అన్నది. దేశంలో పెద్ద అలజడి రేగినది. విక్టోరియా రాణికే ఆ తీర్పు నచ్చలేదు. అప్పుడు ప్రభువుల సభ న్యాయమూర్తులను పిలిచి, ఉన్మాదమంటే చట్టం దృష్టిలో ఏమిటో చెప్పుమని అడిగినది. వారిచ్చిన జవాబులే మెక్‌నాటన్ సూత్రాలు. విచిత్రమేమంటే, తాను కాలుస్తున్నది తుపాకి అని, ఎదుటివాడు మనిషి అని మెక్‌నాటనుకు బాగుగా తెలుసు. తన పేరు మోసిన సూత్రమే తనకు వర్తించియున్నచో అతడు తప్పించుకొనియుండునా అన్నది సందేహమే. కోపంతో అడిగిన ప్రశ్నకు జాగ్రత్తతో ఇచ్చిన జవాబు అది. 17 సంవత్సరాల తరువాత దానిని మనకు శాసనం చేశారు.

అంతకుముందే మనకొక వేరు వాక్యం సిద్ధమైయున్నదన్న సంగతి చాలమందికి తెలియదు. మెకాలే నాయకత్వాన 1837లో తయారైన శిక్షాస్మృతి చిత్తుప్రతిలో ఈ విషయమై రెండు చిన్న నిబంధనలుండెను. పుట్టుకతో బుద్ధివికాసం లేనివారి చేతను గురించి ఒకటి. ఉన్మాదం వలన గాని సన్నిపాతం వలన గాని, ఆ స్థితి పర్యవసానంగా చేసిన పని నేరం కాదని రెండవది. ఇందులో ‘తెలియుట’ అన్న మాటే లేదు. ‘ఈ పని ఆ రోగం వలన జరిగినదా?’ అన్నదొక్కటే ప్రశ్న. అది కార్యకారణ సంబంధాన్ని వెదకే ప్రశ్న, శాస్త్రజ్ఞుడు అడిగే తరహా ప్రశ్న. 1860లో చట్టం వచ్చునప్పటికి మెకాలే మరణించాడు. అతని వాక్యం స్థానంలో లండన్ న్యాయమూర్తుల వాక్యం చేరినది. మెకాలే మన విద్యలపై పలికిన మాటలను తలచి అతనిపై కోపపడుట మనకు అలవాటు. ఈ ఒక్క చోట మాత్రం అతని చిత్తుప్రతియే శుద్ధప్రతికంటె మేలు.

అయితే కార్యకారణ సూత్రానికి కూడ చిక్కులున్నవి, వాటిని దాచరాదు. అమెరికాలో కొలంబియా జిల్లా న్యాయస్థానం 1954లో ఇంచుమించు ఇట్టి సూత్రాన్నే స్వీకరించినది. నేరం మానసిక రోగ ఫలితమైనచో శిక్ష లేదన్నది. ఆచరణలో ఏమైనదంటే, ఏది రోగం, ఏది ఫలితం అన్న రెండింటినీ బోనెక్కిన వైద్యుడే చెప్పడం, జ్యూరీ తల ఊపడం జరిగినది. తీర్పు చెప్పే అధికారం న్యాయస్థానం నుండి వైద్యశాలకు పోయినది. 1972లో ఆ సూత్రాన్ని వదలివేశారు. దాని బదులు, తప్పును తప్పుగా గ్రహించే శక్తి గాని, నడతను అదుపులో ఉంచుకొనే శక్తి గాని రోగం వలన గణనీయంగా లోపించినదా అన్న మధ్యేమార్గం వచ్చినది. 1981లో అధ్యక్షుడు రీగన్‌పై కాల్పులు జరిపిన యువకుడు మరుసటి ఏడు నిర్దోషిగా తేలగా, ప్రజల ఆగ్రహం మళ్ళీ చట్టాన్ని బిగించినది. 1984లో సమాఖ్య చట్టం నుండి ‘అదుపు’ అన్న భాగాన్ని తీసివేశారు. 1843కు, 1984కు పోలిక స్పష్టమే. రెండు పర్యాయాలూ చట్టాన్ని కదిలించినది ఆగ్రహమే.

మన దేశంలో లా కమిషను 1971 నాటి 42వ నివేదికలో 84వ సెక్షనును పరిశీలించి, మార్పు అక్కరలేదన్నది. మారిన దృష్టి ఏదైనా ఉన్నచో అది అంతకు ఏడు సంవత్సరాల ముందు ఒక తెలుగు న్యాయమూర్తి కలం నుండి వచ్చినది. రాజమహేంద్రవరంలో 1902లో జన్మించిన కోకా సుబ్బారావు ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి. తరువాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి. 1964లో, భార్యను చంపిన నేరంపై శిక్షపడిన గుజరాతు వాసి ఒకని అప్పీలులో సుప్రీంకోర్టు తరపున ఆయన తీర్పు వ్రాశాడు.

అంతవరకు చిక్కు ఇది. మతి లేదని చెప్పుకొనే ముద్దాయియే దానిని రుజువు చేయవలెనని సాక్ష్య చట్టం అంటున్నది. మతి చెడినవాడు తన మతి చెడినదని రుజువు చేయుట ఎట్లు? సుబ్బారావు ఈ ముడిని ఓర్పుతో విప్పాడు. నేరం చేయుటకు కావలసిన దుష్టసంకల్పం ఉన్నదని నిస్సందేహంగా రుజువు చేయవలసిన భారం ఎప్పుడూ ప్రాసిక్యూషనుదే. మతి ఉన్నదని చట్టం మొదట అనుకొంటుంది గాని, ముద్దాయి దానిని తోసివేయవచ్చును. అందుకు సివిలు వ్యాజ్యంలో కావలసినంత సాక్ష్యం చాలును. అన్నిటికంటె ముఖ్యమైనది మూడవ మాట. ముద్దాయి తన ఉన్మాదాన్ని పూర్తిగా రుజువు చేయలేకపోయినను, అతడు చూపిన సాక్ష్యం వలన దుష్టసంకల్పం ఉన్నదా అని న్యాయమూర్తికి సబబైన సందేహం కలిగినచో, ముద్దాయిని విడువవలసినదే. మూసిన తలుపు ప్రక్కన చిన్న కిటికీ తెరచినట్లైనది.

ఆ తీర్పును ఎంత మెచ్చుకొన్నను, ఒక లోపం చెప్పక తప్పదు. నేర సమయాన మనఃస్థితి ఏమిటో, దానికి ముందు, అప్పుడు, తరువాత జరిగినవాటినిబట్టి తేల్చవలెనని అందులో ఉన్నది. మాట న్యాయమైనదే. కాని క్రింది న్యాయస్థానాల చేతిలో ఇది యాంత్రికమైన కొలబద్దగా మారే ప్రమాదమున్నది. పారిపోయినచో మతి ఉన్నట్లు, ఆయుధం దాచినచో మతి ఉన్నట్లు, పగ ఏదైనా కనబడినచో మతి తప్పక ఉన్నట్లు! మనోవైద్యులు ఎరిగిన రోగులలో కొందరు వారాల తరబడి పథకం వేసికొందురు. భ్రాంతికి తర్కం శత్రువు కాదు, దానికి సేవకుడు. కిరణాలు పంపే శత్రువు నిజంగా ఉన్నాడని నమ్మినవాడు పారిపోవుటలో వింత ఏమున్నది? పైన చెప్పిన అప్పీలులో కూడ, భార్య ఇష్టం లేదని ముద్దాయి ముందుగా మామకు వ్రాసిన ఉత్తరం పగకు గుర్తుగా నిలిచినది, అప్పీలు కొట్టివేయబడినది. సుబ్బారావు రుజువు భారాన్ని తేలిక చేశాడు. రుజువు చేయవలసిన విషయం మాత్రం 1843లోనే ఉండిపోయినది.

దానిని మార్చుటకు 2023లో అవకాశం వచ్చినది. న్యాయ సంహిత మొదటి ముసాయిదాలో ‘మతిస్థిమితం లేమి’ బదులు ‘మానసిక వ్యాధి’ అన్న మాట వేశారు. మాట కొత్తదే గాని, ‘తెలిసికొనుట’ అన్న క్రియ కదలలేదు. పైగా కొత్త మాటతో కొత్త చిక్కు వచ్చినది. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం నిర్వచనంలో మద్యం, మాదక ద్రవ్యాల వలన కలిగే స్థితులు చేరియున్నవి, బుద్ధిమాంద్యం చేరలేదు. అనగా త్రాగుబోతుకు తలుపు తెరచి, బుద్ధివికాసం లేని బిడ్డకు మూసినట్లయ్యెడిది. పార్లమెంటు స్థాయీ సంఘం అభ్యంతరం చెప్పగా, పాత మాటే తిరిగి వచ్చినది. రోగం పేరుపై చర్చ జరిగినది గాని, రోగం మనిషిని ఏమి చేయునన్న దానిపై చర్చ జరగలేదు.

ఇక నిర్దోషి అన్న తరువాతి మాట. నాటకాలలోను, సినిమాలలోను హంతకుడు పిచ్చి నటించి హాయిగా బయటపడుట చూచి, చట్టం మెత్తనిదని పలువురు అనుకొందురు. అది పొరపాటు. మతి లేదని నిర్దోషిగా తేలినవాడు ఆ పని చేసెనా లేదా అన్నది తీర్పులో స్పష్టంగా వ్రాయవలెను. చేసెనన్నచో, అతణ్ణి భద్రమైన కాపుదలలో ఉంచుటయో, పూచీ తీసికొని బంధువులకు అప్పగించుటయో జరుగును. కాపుదలకు ఆ సెక్షనులో కాలపరిమితి లేదు. ఏడేండ్ల శిక్షకు ఏడేండ్లే. నిర్దోషికి మాత్రం లెక్క లేదు! విచారణకు నిలువలేడని వాయిదా పడినవాని స్థితి ఇంకను కష్టం. అస్సాములో మచంగ్ లాలుంగ్ అనే వ్యక్తి 1951లో అరెస్టై, విచారణ లేకుండా 54 సంవత్సరాలు గడిపాడు. నయమైనదని 1967లోనే ఆస్పత్రి తెలియజేసినను అతణ్ణి ఇంటికి పంపలేదు, జైలుకు పంపారు. 2005లో ఒక రూపాయి సొంత పూచీకత్తుపై విడుదలయ్యాడు. రెండేండ్లకు మరణించాడు.

తెల్లాపూరు యువకుని వంటివాని కేసు ఏ దారిన పోవునో చూడవచ్చును. మతి స్థిమితంగా లేదని మేజిస్ట్రేటుకు తోచినచో వైద్య పరీక్షకు పంపుదురు. సాధారణంగా పంపేది ఎర్రగడ్డ ఆస్పత్రికి. నిజాం కాలాన జాల్నాలో ఉండి 1953లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. నగరంలో ‘ఎర్రగడ్డ’ అన్నను, విశాఖలో ‘చినవాల్తేరు’ అన్నను ఊరి పేరుగా కాక వేళాకోళంగానే వినబడుట మన దురలవాటు. ఆ వేళాకోళానికి వెరచియే కుటుంబాలు రోగిని వైద్యునివద్దకు తీసికొనిపోక దాచుచున్నవి. మానసిక రోగులలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. హాని పొందేవారే ఎక్కువ. కాని దాచిన రోగానికి కాగితం ఉండదు. వైద్యుడు పరీక్షించేది నేరం జరిగిన రోజులకో వారాలకో. చట్టం అడిగేది ఆ క్షణాన్ని గురించి. నడుమనున్న ఖాళీని పూరించేది పాత వైద్యుని చీటీ, మందుల దుకాణం రసీదు, ‘రాత్రులు గోడలతో మాట్లాడేవాడు’ అన్న పొరుగువారి మాట.

ముద్దాయికి పూర్వం మతిభ్రమణం ఉన్నట్లు దర్యాప్తులో తెలిసినచో అతణ్ణి వైద్యునిచే పరీక్షింపజేసి, ఆ సాక్ష్యాన్ని న్యాయస్థానం ముందుంచుట పోలీసు అధికారి విధియని సుప్రీంకోర్టు 2007లో చెప్పినది. అట్లు చేయనిచో ప్రాసిక్యూషను పక్షంలోనే తీవ్రమైన లోపం ఏర్పడుననీ, సందేహఫలం ముద్దాయికి చెందుననీ అన్నది. మహారాష్ట్ర నుండి వచ్చిన అప్పీలులో 2018లో ఈ మాటనే ఆధారం చేసికొని ఒక ముద్దాయిని విడుదల చేసినది. సుబ్బారావు తెరచిన కిటికీ గుండానే అతడు వెలుపలికి వచ్చాడు. అందుకు ఆధారమైనవాటిలో అతని పాత చికిత్స కాగితాలు కూడ ఉన్నవి.