చెప్పేవాళ్ళు సరే, వినేవాళ్ళేరీ?

సెలవులు దగ్గరపడితే చాలు, బజార్లో ఎదురైన తల్లిదండ్రులు నన్ను ఆపి అడిగేది ఒకటే. "మాష్టారూ, మావాడికి ఇంగ్లిష్ రావాలంటే ఫోన్లో ఏం పెట్టమంటారండీ?" కోనసీమలో జిల్లా పరిషత్ హైస్కూలు ఇంగ్లిష్ మాష్టారుకి ఇది తప్పని ప్రశ్న. ఏం పెట్టాలో తెలియక నేనేం ఇబ్బందిపడను. పెట్టదగ్గవి మరీ ఎక్కువైపోవడంతోనే ఇబ్బంది.

బీబీసీ వాళ్ళు 1943 నుంచి రేడియోలో ఇంగ్లిష్ పాఠాలు చెబుతున్నారు. ఇప్పుడవి వాళ్ళ సైట్లో, యూట్యూబ్‌లో కుప్పలుగా ఉన్నాయి. కాకపోతే వాళ్ళ ఆరు నిమిషాల పాఠం మా తొమ్మిదో తరగతికి ఎక్స్‌ప్రెస్ రైలే. మా పిల్లలకి సరిపోయింది వాయిస్ ఆఫ్ అమెరికా. 1959 అక్టోబర్‌లో వాళ్ళొక చక్కటి పని మొదలుపెట్టారు. పదిహేను వందల మాటలు ఎంచుకుని, చిన్న వాక్యాలతో, తాపీగా వార్తలు చదవడం. ముందు దాన్ని స్పెషల్ ఇంగ్లిష్ అనేవారు, తర్వాత లెర్నింగ్ ఇంగ్లిష్ అన్నారు. వాళ్ళు సొంతంగా తయారుచేసుకున్న పాఠాలకి కాపీరైట్ లేదు గనక మాష్టార్లు దర్జాగా దించుకుని వాడుకోవచ్చు. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వం ఆ సంస్థ గొంతు నొక్కేసరికి కొత్త పాఠాలు ఆగిపోయాయి. అరవై అయిదేళ్ళ వ్యవహారం ఒక్క వారంలో! నెట్‌లో ఉన్నది ఎప్పటికీ ఉంటుందనుకునే మాష్టార్లకి నేనిచ్చే సలహా ఒక్కటే: నచ్చింది నచ్చినట్టే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.

చిన్న తరగతులకైతే స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో పెట్టారు. బొమ్మల కథలు, స్థాయిలవారీగా. అదే కథ తెలుగులోనూ ఉంటుంది, ఇంగ్లిష్‌లోనూ ఉంటుంది. ప్రింటు తీసుకున్నా ఎవరూ అడగరు. మాటకి అర్థం కావాలంటే ఆంధ్రభారతి నిఘంటువులున్నాయి, బ్రౌన్ దొర దగ్గర్నుంచి శంకరనారాయణ దాకా ఒకేచోట. పిల్లలు గూగుల్‌నే అడుగుతారనుకోండి, అది వేరే సంగతి.

ఇవేవీ లేని రోజుల్లో మా తరం రాపిడెక్స్ పుస్తకం బట్టీపట్టింది. తర్వాత ఈనాడు ప్రతిభ పేజీలో ఎం. సురేశన్ గారి స్పోకెన్ ఇంగ్లిష్ శీర్షిక వచ్చేది. రాజమండ్రి, కాకినాడ హాస్టళ్ళలో దాన్ని కత్తిరించి నోటుబుక్కుల్లో అంటించుకున్నవాళ్ళు ఎందరో. ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు రాసి, ఎక్కడ ఏ మాట ఎందుకు పడిందో తెలుగులో విప్పి చెప్పేవారాయన. నేటి వీడియోల్లో చాలావాటికి ఆ ఓపిక లేదు.

ఇంతకీ నా అభిప్రాయం ఏమిటంటే, ఇంగ్లిష్ చెప్పేవాళ్ళకి ఏ కాలంలోనూ అంత కరువు లేదు, ఇప్పుడసలే లేదు. లేనిదల్లా పిల్లవాడు నోరు తెరిచినప్పుడు వినేవాళ్ళు. 'డిడ్' తర్వాత 'వెంట్' రాకూడదని చెప్పే వీడియోలు ఎన్ని లేవు? మా తరగతి పిల్లాడొకడు అందులో ఒకటి చూశాడు, కింద ఇచ్చిన ప్రశ్నలన్నిటికీ సరిగ్గా గుర్తులు పెట్టాడు. మర్నాడు ట్యూషన్‌కి వెళ్ళావా అని అడిగితే, "నో సార్, ఐ డిడ్ నాట్ వెంట్" అన్నాడు. వాడికి పాఠం రాదని కాదు. ఆ పాఠం వాడి నోటిదాకా రాలేదు, అంతే.

కెనడాలో మెరిల్ స్వైన్ అనే భాషావేత్త ఇదే సంగతి పెద్ద ఎత్తున చూసింది. అక్కడ ఇంగ్లిష్ ఇళ్ళ పిల్లలకి పాఠాలన్నీ ఫ్రెంచిలోనే చెప్పే బడులున్నాయి. ఏళ్ళ తరబడి ఫ్రెంచి విన్న ఆ పిల్లలకి వింటే బాగా అర్థమవుతోంది గానీ, మాట్లాడబోతే, రాయబోతే తడబాటు. వినడం ఒక్కటే చాలదు, ఎదుటివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాల్సిన అవసరం మీద పడాలని 1985లో ఆవిడ వాదించింది. మా స్టాఫ్‌రూమ్‌లో ఈ మాట చెబితే సీనియర్ మాష్టారొకాయన, "దీనికి కెనడా దాకా ఎందుకండీ, కాలవలో దిగకుండా ఈతొచ్చిందా ఎవరికైనా?" అన్నారు.

మన దగ్గర జరిగినవాటిని కూడా నేను ఈ లెక్కలోనే చూస్తాను. 2022 డిసెంబర్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం వాళ్ళు సర్కారు బళ్ళలో ఎనిమిదో తరగతి పిల్లలకి బైజూస్ పాఠాలున్న ట్యాబులిచ్చారు. రెండేళ్ళు తిరక్కుండానే ఆ కంపెనీ దివాలా విచారణకి వెళ్ళింది. 2023 జూన్‌లో టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షల కోసం అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకున్నారు, ప్రభుత్వం మారాక అది ఆగింది. మంచిదా చెడ్డదా అని టీవీల్లో ఎంత కొట్టుకున్నా, పిల్లలు రాసిన ఆ పరీక్షల్లో ఉన్నది వినడం, చదవడం, జవాబుకి గుర్తు పెట్టడం. నోటికి పని లేదు.

కాకినాడ జిల్లా తొండంగి మండలం బెండపూడి హైస్కూల్లో మాత్రం నోటికి పని దొరికింది. అక్కడి ఇంగ్లిష్ మాష్టారు జి.వి. ప్రసాద్ గారు పిల్లల్ని ఆన్‌లైన్‌లో విదేశాల్లో ఉన్నవాళ్ళతో మాట్లాడించారని అప్పట్లో పత్రికలు రాశాయి. 2022లో వాళ్ళ వీడియోలు ఊరూరా తిరిగాయి, అప్పటి ముఖ్యమంత్రి పిలిపించుకుని మాట్లాడారు. ఆ వెంటనే వెక్కిరింతలూ వచ్చాయి. ఆ అమెరికా యాస ఏమిటి, ఆ ఊపు ఏమిటి అని మీమ్స్ చేశారు. యాస సంగతి నాకూ పెద్దగా పట్టదు. గోదావరి యాసతో ఇంగ్లిష్ మాట్లాడితే వీసా ఇవ్వనన్నవాడెవడూ లేడు. నాకు అందులో కనిపించింది వేరు. తెర అవతల నిజంగా ఒక మనిషి కూర్చుని వింటుంటే సర్కారు బడి పిల్ల మాట వెతుక్కుని మరీ బదులిస్తుంది. వెక్కిరించినవాళ్ళలో ఎంతమంది అంత ధైర్యంగా పరాయి భాషలో నోరు తెరిచారో మరి.

యంత్రాలు కూడా వింటున్నాయి కదా అంటారు. వింటున్నాయి. గూగుల్ రీడ్ అలాంగ్‌లో పిల్లవాడు కథ పైకి చదువుతుంటే దియా అనే బొమ్మ వింటుంది, ఆగిన మాట మీద వేలు పెడితే పలికి చూపిస్తుంది. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. సిగ్నల్ దోబూచులాడే లంక గ్రామాలకి ఇది వరం. పెద్ద పిల్లలచేత నేను ఫోన్లో వాయిస్ టైపింగ్ చేయిస్తాను. చెప్పింది చెప్పినట్టు తెరమీద పడుతుంది కాబట్టి ఏ మాట మింగేశారో వాళ్ళకే తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో భాష ఇంగ్లిష్ (ఇండియా) అని పెట్టుకోవడం మాత్రం మరిచిపోకూడదు.

ఇక కొత్తగా వచ్చిన చాట్‌బాట్‌లతో నా పేచీ వాటి మంచితనం గురించి. అవి మరీ మర్యాదస్తులు. పిల్లవాడు ఎంత అడ్డదిడ్డంగా అన్నా అర్థం చేసుకుంటాయి, పైగా చాలా బాగా అడిగావని మెచ్చుకుంటాయి. తప్పులు దిద్దమని మనం ప్రత్యేకంగా చెబితే దిద్దుతాయి, చెప్పకపోతే ముందుకి పోతాయి. మొహం చిట్లించి "ఏంటీ?" అనేవాళ్ళు లేకపోతే వాక్యాన్ని తిప్పి చెప్పాల్సిన అవసరం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆ "ఏంటీ?" కోసమే నేనొక హోంవర్కు ఇస్తుంటాను. ఇంట్లో జరిగిందేదైనా ఒక నిమిషంలో ఇంగ్లిష్‌లో చెప్పి, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా ఎవరికైనా పంపాలి. మా బడి పిల్లల అమ్మలు చాలామంది గల్ఫ్‌లో ఉన్నారు. ఒకమ్మాయి కువైట్‌లో ఇంటిపని చేసుకునే తల్లికి మేక గురించి పంపింది. ఆ తల్లి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది, ఇంగ్లిష్ మాత్రం తోటి ఫిలిప్పీన్స్ మనిషితో మాట్లాడి మాట్లాడి పట్టుకుంది. ఆవిడ వ్యాకరణం దిద్దలేదు. "గోట్ గో, ఓకే. దెన్? ఫైండ్, నాట్ ఫైండ్?" అని అడిగింది. మేక దొరికిందో లేదో కూతురు చెప్పనే లేదు మరి. ఆ రాత్రి రెండో మెసేజ్ వెళ్ళింది, నిమిషం దాటి.

ఈ ఏడాది ఇంకో అడుగు వేశాం. తంజావూరు వైపు ఒక ప్రభుత్వ బడి మాష్టారుతో ఓ ఆన్‌లైన్ శిక్షణలో పరిచయమైంది. వాళ్ళ పిల్లలకి తెలుగు రాదు, మావాళ్ళకి అరవం రాదు. ఇంగ్లిష్ తప్ప గత్యంతరం లేదు. బళ్ళో ఉన్న ఐఎఫ్‌పీ అనే పెద్ద డిజిటల్ తెర ముందు తొమ్మిదో తరగతిని కూర్చోబెట్టి వీడియో కాల్ కలిపాం. కాసేపు పేర్లు, హాయ్‌లు అయ్యాయి. తర్వాత మావాడొకడు పులస గురించి ఎత్తుకున్నాడు.

"పులస ఈజ్ వెరీ కాస్ట్లీ ఫిష్."

"వై?" అంది అవతలి పిల్ల.

"ఫ్లడ్ కమింగ్, ఫిష్ కమింగ్."

"ఫ్లడ్ బ్రింగ్స్ ఫిష్ టు యువర్ హౌస్?"

అటు నవ్వులు, ఇటు నవ్వులు. మావాడు గింజుకున్నాడు. వరదలకి సముద్రంలోంచి గోదావరిలోకి ఎదురీదుతుంది కాబట్టే దానికి ఆ రుచి, ఆ ధర. ఇదంతా అవతలివాళ్ళ బుర్రకెక్కాలి. "నో, నో. రివర్ గోస్ టు సీ. ఫిష్ కమ్స్ ఫ్రమ్ సీ. రివర్ దిస్ సైడ్, ఫిష్ దట్ సైడ్" అంటూ రెండు చేతులూ ఎదురెదురుగా తిప్పాడు. వెనక బెంచీలోంచి ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి, "అగైన్‌స్ట్" అంది మెల్లిగా. వాడందుకున్నాడు. "ఫిష్ స్విమ్స్ అగైన్‌స్ట్ ద రివర్!" ఆ మాట మా పాఠాల్లో ఎన్నిసార్లు వచ్చి పోయిందో! దానితో ఎవరికీ పని పడలేదు, అంతవరకూ.

రెండో కాల్‌కి మాత్రం తిప్పలు పడుతున్నాం. వాళ్ళ పరీక్షలయ్యేసరికి మా దసరా సెలవులు, మాకు ఖాళీ ఉన్నప్పుడు ఆ గది పదో తరగతి స్లిప్ టెస్టులకి కావాలి. చివరికి సోషల్ మాష్టారు తన పీరియడ్ ఇస్తానన్నారు, ఒక షరతు మీద. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర అంతకుముందు వాళ్ళ కావేరి పాయల మీదే పనిచేశాడు కాబట్టి, ఆ సంగతులు పిల్లలచేత అడిగించాలట. ప్రశ్నలు ఆయనే తెలుగులో రాసిచ్చారు. మొదటిది, "మాకు ఊరూరా ఉన్నట్టు మీ ఊళ్ళో కూడా కాటన్ దొర విగ్రహం ఉందా?" దాన్ని ఇంగ్లిష్‌లో ఎలా అడగాలా అని తొమ్మిదో తరగతి రెండు వర్గాలుగా చీలి ఇప్పటికింకా కొట్టుకుంటోంది.