‘ఇంగ్’కి తెలుగు చెవి

నర్సీపట్నం బస్టాండ్‌లో చింతపల్లి బస్సు కోసం కూర్చున్న మనిషి వెయిటింగ్ ప్యాసింజర్. అతను కూర్చున్న చోటు వెయిటింగ్ హాల్. మాట ఒక్కటే. కానీ ప్రయాణికుడు ఎదురుచూస్తాడు, హాలు ఎదురుచూడదు కదా! మొదటిది పని చేస్తున్నదాన్ని చెప్పే పార్టిసిపుల్, రెండోది పని పేరైన జెరండ్. హైస్కూలు పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే.

తప్పు పిల్లలది కాదు. పాత ఇంగ్లీషులో పని పేరుకి ‘ఉంగ్’ లేదా ‘ఇంగ్’, పని చేస్తూ ఉన్నదానికి ‘ఎండె’ అని వేర్వేరు ప్రత్యయాలుండేవి. మధ్యయుగాల్లో ‘ఎండె’ పోయి, దాని పని కూడా ‘ఇంగ్’ మీదే పడింది.

తెలుగు అలా కలిపేయలేదు. ఎదురుచూడడం, ఎదురుచూస్తున్న, ఎదురుచూస్తూ: దేని తోక దానిదే, దేని పని దానిదే. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో పాణిని ప్రత్యయాల పేర్లు తీసుకుని ‘చేసి’ని క్త్వార్థకమనీ, ‘చేయుచు’ను శత్రర్థకమనీ విడదీసి చూపాడు. ఈనాటి వాడుక భాషలో ఈ రూపాల సంగతి తెలియాలంటే భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి రాసిన 1985 నాటి వ్యాకరణం చదవాలి.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచేది ‘తూ’కీ ‘తుంటే’కీ ఉన్న తేడా. ‘లంబసింగి ఘాట్ ఎక్కుతూ పొగమంచు చూశాను’ అంటాం. ఎక్కిందీ నేనే, చూసిందీ నేనే. అదే ‘కనిపించింది’ అనాల్సివస్తే కర్త పొగమంచు అయిపోతుంది. వెంటనే నాలుక ‘ఎక్కుతుంటే’ అని సర్దుకుంటుంది. ఎవరూ నేర్పనక్కర్లేదు. ‘క్లైంబింగ్ ద ఘాట్, ద ఫాగ్ అపియర్డ్’ అని రాస్తే మాత్రం ఘాట్ ఎక్కింది పొగమంచే అవుతుంది. ఇంగ్లీషువాళ్ళూ తరచు చేసే ఈ తప్పుకి వాళ్ళు డాంగ్లింగ్ పార్టిసిపుల్ అని పేరు పెట్టుకున్నారు. మన పిల్లల చెవికి ఆ తేడా ముందే తెలుసు.

హాలు దగ్గరా ఇదే చెవిని నమ్మొచ్చు. ‘ఎదురుచూస్తున్న ప్రయాణికుడు’ కుదురుతుంది, ‘ఎదురుచూస్తున్న హాలు’ కుదరదు. ‘ఎదురుచూడడానికి హాలు’ అంటే సరిపోతుంది. ‘ఎదురుచూసే’ అన్న రూపం రెండింటికీ అతుకుతుంది కాబట్టి దాంతో పరీక్ష పెట్టకూడదు. ‘స్లీపింగ్ బేబీ’ నిద్రపోతున్న పాప, ‘స్లీపింగ్ పిల్’ నిద్రపోవడానికి మాత్ర.

ఇంగ్లీషు మాస్టార్లకు నాదొక మనవి. నిర్వచనాలు బట్టీ పట్టించే ముందు ఆ మాటను పిల్లలచేత తెలుగులో అనిపించండి. ‘డం’, ‘డానికి’ పలికితే జెరండ్. ‘తున్న’, ‘తూ’ పలికితే పార్టిసిపుల్. పాఠం అక్కడినుంచి మొదలుపెట్టండి.