ఉక్కు చెప్పే ఊరూ పేరూ

పాత తుపాకిమందు రివాల్వర్‌ను చేతిలోకి తీసుకుని, అది ఎక్కడ పుట్టిందో, మధ్యలో ఎవరి ఆకురాయి దాని మీద ఆడిందో చెప్పగలిగేవాళ్లంటే నాకు ఎనలేని గౌరవం. 1851 నమూనా కోల్ట్ నేవీనే తీసుకోండి. వాళ్ల చూపు ముందు సీరియల్ నంబర్ల మీదికి పోతుంది. గొట్టం, ఫ్రేము, ట్రిగ్గర్ గార్డు, పిడి వెనక పట్టీ, అన్నిటి మీదా ఒకే అంకె ఉండాలి. గొట్టం మీది చిరునామా కొన్నిటికి న్యూయార్క్, కొన్నిటికి హార్ట్‌ఫర్డ్. సిలిండర్ చుట్టూ 1843 నాటి నౌకాయుద్ధం అచ్చొత్తి ఉంటుంది. ఆ ఓడల్లో ఎన్ని మిగిలాయో చూస్తే ఎంత వాడారో తెలుస్తుంది. అసలు విద్యంతా పూతల దగ్గరే. గొట్టానికి నీలిపూత. ఫ్రేముకు మాత్రం ఎముకల బొగ్గులో ఎర్రగా కాల్చి నీట ముంచితే పరుచుకునే నీలం, గోధుమ, బూడిద రంగుల మేఘాలు. ఎవరైనా సానపట్టి కొత్త పూత వేస్తే ఆ మేఘాలు చెదిరిపోతాయి, మూలలు గుండ్రబడతాయి, అక్షరాలు ఒక వైపు లోతు తగ్గుతాయి. భూతద్దం కింద ఆ చిన్న వాలును పట్టుకోవడం ఎంత అందమైన పని! ఇటలీలోని గార్డోనేలో చేసిన నకళ్లకైతే నక్షత్రం కింద పి.ఎన్. ముద్ర, పక్కనే చిన్న గడిలో సంవత్సర సంకేతం: ఏఏ అంటే 1975, ఏబీ అంటే 1976. ఈ చదువు వల్లే కొనేవాడు నకలుకు అసలు ధర పోయడు, తాత వస్తువును అమ్ముకునే కుటుంబం మోసపోదు.