పాత ఛాసిస్, నాలుగు పాయింట్లు

పాత ఛాసిస్ మీద కొత్త ఇంజన్ కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఏ మెకానిక్‌నడిగినా చెబుతాడు. బోల్టుల రంధ్రాలు కలవవు, పైపులు అందవు, ఒకచోట సర్దితే ఇంకోచోట అదురు మొదలవుతుంది. ఆ పనిని ఫార్ములా వన్‌లో, అదీ నాలుగు నెలల్లో చేసి చూపించిన జట్టు సూపర్ అగురి. అది బతికింది రెండున్నరేళ్లే. నాకు ఫెరారీ కంటే దానిమీదే మనసు.

జపాన్ మాజీ డ్రైవర్ అగురి సుజుకి 2005 నవంబరులో జట్టు పెడుతున్నానన్నాడు. మొదటి రేసు 2006 మార్చి 12న, బహ్రెయిన్‌లో. కొత్త కారు గీసి, చేసి, పరీక్షించే వ్యవధి ఎక్కడిది? మూతపడిన ఆరోస్ జట్టు 2002లో నడిపిన కార్ల ఛాసిస్‌లు తెచ్చుకున్నారు. పని జరిగిందీ ఇంగ్లండులోని లీఫీల్డ్‌లో, ఆ ఆరోస్ పాత కార్ఖానాలోనే. పనివాళ్లలో ఆరోస్ మాజీ ఉద్యోగులూ ఉన్నారు. ఉద్యోగం పోయిన చోటికే మళ్లీ వచ్చి, తమ పాత కారునే విప్పి కూర్చున్నారన్నమాట. పది సిలిండర్ల ఇంజన్ కోసం పుట్టిన ఛాసిస్‌లో ఎనిమిది సిలిండర్ల హోండా ఇంజన్ బిగించారు. నాలుగేళ్లలో మారిన నిబంధనలకు దాన్ని సరిపెట్టారు. బహ్రెయిన్‌లో టకుమా సాటో అందరికంటే వెనక, నాలుగు ల్యాపుల తేడాతో రేసు ముగించాడు. కారు చివరిదాకా నడిచింది! ఆ చేతులకు దండం పెట్టాలి.

2007 జూన్ 10న మాంట్రియల్ రేసు. ఇక్కడ అర్ధరాత్రి దాటినా టీవీ ముందునుంచి లేవలేదు నేను. సాటో ముందు రెండుసార్లు ప్రపంచ విజేత ఫెర్నాండో అలొన్సో, మెక్‌లారెన్ కారులో. అలొన్సో మెత్తటి టైర్లకు పట్టు తగ్గిపోయింది. సాటో అతన్ని దాటేశాడు! ఆరో స్థానం, మూడు పాయింట్లు. సాటో నడిపింది హోండా ముందటేడు కారు ఆధారంగా తయారైనదే. ఆ రోజుకి హోండా సొంత జట్టుకు ఆ ఏడాది ఒక్క పాయింటూ లేదు.

ఆ తర్వాత కథ త్వరగా ముగిసింది. స్పాన్సర్ ఇస్తానన్న డబ్బు ఇవ్వలేదు, కొంటామని వచ్చినవాళ్లతో ఒప్పందం కుదరలేదు. 2008 మే 6న సుజుకి జట్టును ఉపసంహరించుకున్నాడు. మొత్తం 39 రేసులు, 4 పాయింట్లు. పనితనం చాలక కాదు, డబ్బు లేక ఆగిపోయిన జట్టు అది.

వీడియో దొరికితే ఆ మాంట్రియల్ రేసు చివరి ల్యాపులు చూడండి. అలొన్సో వెనకాలే దగ్గరవుతూ వచ్చే ఆ తెలుపు, ఎరుపు కారుని చూడండి.