బండి పేరు చెప్పకండి

బ్యాటరీ షాపులో ‘యెజ్డీకి కావాలి’ అంటే ఇప్పుడు పన్నెండు వోల్టుల బ్యాటరీ తీసి బల్ల మీద పెడతారు. 2022 నుంచి అదే పేరుతో కొత్త బండ్లు తిరుగుతున్నాయి కాబట్టి వాళ్లను తప్పు పట్టలేం. పాత యెజ్డీలు చేసిన మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. అంతకు చాలా ముందే అక్కడ తయారైన నా బండి ఆరు వోల్టులది. అందుకే నేను షాపులో బండి పేరు ఎత్తను. కొలతలే చెబుతాను.

ఆ కాలపు మరో బండి, యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ కూడా 1996లోనే ఆగిపోయింది. కానీ అది పన్నెండు వోల్టుల బండి, పైగా బ్యాటరీ దిగిపోయినా కిక్ కొడితే ఇంజన్ అందుకుంటుంది. పాత యెజ్డీకి ఆ వెసులుబాటు లేదు. బ్యాటరీలో పస లేకపోతే ప్లగ్గులో స్పార్కే రాదు.

మా చిన్నప్పటి బ్యాటరీ డబ్బాలు నల్లటి గట్టి రబ్బరువి. పైన తారు పోసి మూసేవారు. మూడు గదులనూ కలిపే సీసపు పట్టీలు బయటికే కనిపించేవి. ఒక గది పోతే తారు కరిగించి, ఆ ప్లేట్లు మాత్రం మార్చి, మళ్లీ తారు పోసి ఇచ్చే పనివాళ్లుండేవారు. ప్లాస్టిక్ డబ్బాలొచ్చాక ఆ పనే పోయింది. నాకు అది నిజంగా బాధే. ఒక గది చెడితే మొత్తం పారేయడం ఇప్పటికీ మనసొప్పదు.

ఇక ఆరు వోల్టుల బ్యాటరీలు ఎక్కడ దొరుకుతాయంటే, కూరగాయల బండి మీదున్న ఎలక్ట్రానిక్ కాటాలో. ఎమర్జెన్సీ లైట్లలో కూడా అదే ఉంటుంది: 4.5 ఆంపియర్-అవర్ల సీల్డ్ బ్యాటరీ, ఏడు సెంటీమీటర్ల పొడవు, ఐదుకు కాస్త తక్కువ వెడల్పు, పది ఎత్తు. ఒకే కంపెనీవి, ఒకే నెలవి రెండు తీసుకుని ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే వోల్టేజీ ఆరే ఉంటుంది, సామర్థ్యం తొమ్మిదవుతుంది. పాత రబ్బరు డబ్బా ఉన్నవాళ్లు లోపలిదంతా తీసేసి, శుభ్రంగా కడిగి, వీటిని అందులో దించుతారు. పైకి చూస్తే పాత బ్యాటరీయే.

అయితే అంతటితో అయిపోదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన నా చేతిలో కొత్త బ్యాటరీలు చూసి, “అవి పక్కన పెట్టు బాబూ, ముందు రెగ్యులేటర్ మూత తియ్యి” అన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. సీల్డ్ బ్యాటరీకి చార్జింగ్ ఏడున్నర వోల్టులు దాటకూడదని దాని మీదే అచ్చువేసి ఉంటుంది. పాయింట్లు అరిగిన పాత రెగ్యులేటర్‌కు ఆ హద్దు పట్టదు. నీళ్ల బ్యాటరీ అయితే ఉడికి నీళ్లు తగ్గుతాయి, డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటాం. సీల్డ్‌ది పొట్ట ఉబ్బుతుంది, మళ్లీ పనికిరాదు. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ వేయించాకే బ్యాటరీలు పెట్టాం.

తర్వాత ఆయన ఎర్త్ బోల్టు విప్పి, ఛాసిస్ మీద రంగూ తుప్పూ పోయి లోహం మెరిసేదాకా గీకారు. ఆరు వోల్టుల మీద 24 వాట్ల బల్బుకు 4 ఆంపియర్లు కావాలి, పన్నెండు మీద 2 చాలు. కరెంటు రెట్టింపైతే తుప్పు దగ్గర పోయే వోల్టేజీ కూడా రెట్టింపవుతుంది. పన్నెండులో అర వోల్టు పోయినా పెద్దగా తెలియదు, ఆరులో హెడ్‌లైటు పసుపెక్కిపోతుంది. ‘సిక్స్ వోల్ట్ బండ్లకు లైటుండదు’ అనే మాట పుట్టింది చాలావరకు ఈ బోల్టుల దగ్గరే అని నా నమ్మకం. అది చూడకుండా మొత్తం వైరింగ్ పన్నెండుకు మార్చేయమనే సలహా నాకు నచ్చదు.

కొనేముందు తయారీ నెల చూడండి. మీటరు వెంట తీసుకెళ్లండి. చార్జింగ్ ఉన్న ఆరు వోల్టుల బ్యాటరీ 6.3కు పైనే చూపించాలి. ఆరుకు దిగిందంటే షెల్ఫులోనే ప్లేట్లకు సల్ఫేట్ పట్టడం మొదలైనట్టు. మీటరు పెట్టనివ్వని షాపులో కొనకండి.