నిండుకుండ, సగపు తొట్టి

హేమావతి శిల్పముల చేరువన, అమరాపురపు వక్కతోటల నడుమ పెరిగిన నేను, 1948 మార్చి 14న నెహ్రూగారి చేతులమీదుగా ‘జలఉష’ ఓడ నీటిలోనికి దిగిన విశాఖపట్టణమున ఓడల నిలుకడను లెక్కకట్టు పనిలో కుదురుట మా బంధువులకు నేటికిని వింతయే. కాని ఆ విద్యలో తొలిపాఠమును మా అవ్వయే, చేదబావి గట్టున బిందెను అంచువరకు నింపుచు, నాకు చెప్పియుండెను: నిండుకుండ తొణకదు.

ఓడ కట్టుట ముగియువేళ దాని గురుత్వకేంద్ర మెంత యెత్తున నున్నదో తేల్చుటకు ఒక పరీక్ష కలదు. గాలి పడిపోయిన వేకువను, కట్టుత్రాళ్లను వదులుచేసి, పనిలేనివారిని ఒడ్డునకు దింపి, డెక్కుమీది ఇనుపదిమ్మలను ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు జరిపెదరు. ఓడ ఒకటి రెండు డిగ్రీలు ఒరుగును. అది కంటి కానదు. హోల్డులో, తాపీమేస్త్రీ గోడ నిలువు చూచుకొను గుండువంటిది పొడవైన తీగెకు వ్రేలాడుచుండును. ఊగు అణగుటకై దానిని నూనెతొట్టిలో ముంచియుంతురు. తీగె ప్రక్కనున్న కొలబద్దపై అది జరిగిన దూరమును చదువుట నా పని. 1746లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియెర్ బూగే మెటాసెంటర్ అని పేరిడిన బిందువు గురుత్వకేంద్రమునకు ఎంత పైన నున్నదో ఆ కొలతయే చెప్పును. అది పైననున్నంతకాలము ఒరిగిన ఓడ లేచి నిలుచును; క్రిందికి దిగెనా, నిటారుగా నిలువజాలదు.

నా తొలినాళ్లలో ఒకసారి తీగె లెక్కకు మించి జరిగి, ఎంతకును కుదుటపడదయ్యెను. కాగితముల నెన్ని తిరుగవేసినను తప్పు దొరకలేదు. ప్రక్కనున్న పెద్దాయన, “తొట్లన్నీ చూసేవా బాబూ?” అని మెల్లగా అడిగెను. చూడలేదు. ఖాళీ యని వ్రాసియున్న, ఓడలోపలి వెడల్పాటి తొట్టి యొకదానిలో జానెడు నీరుండెను.

ఆ జానెడే చాలును. ఓడ ఒరిగిన ప్రక్కకే నీరును పరుగెత్తి మరింత ఒరుగజేయును. ఇందు లోతుకంటె వెడల్పుదే ప్రధానాధికారము. తొట్టి నడుమ నిలువుగా ఒక గోడ కట్టినచో ఆ కీడు నాల్గవవంతునకు తగ్గును. 1987 మార్చి 6న బెల్జియము జేబ్రుగే రేవునుండి ముందుతలుపులు మూయకయే బయలుదేరిన ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ నౌకలో, అడ్డుగోడలు లేని వాహనముల డెక్కుమీదికి సముద్రము చొచ్చెను. నిమిషములలో ఓడ ప్రక్కకు పడిపోయి, 193 మంది మరణించిరి. ఆ వృత్తాంతమును చదివినపుడెల్ల నాకు ఆ జానెడు నీరే కన్నులకు కట్టును.

నాటినుండి తీగె యొద్దకు పోకమునుపే ప్రతి తొట్టిలోను కొలకడ్డీని నేనే దింపుదును. తడి తగిలినచో తొట్టిని అంచువరకు నింపించుటయో, గుడ్డతో తుడిపించుటయో జరిగినపిదపనే దిమ్మలు కదలవలెను.