ఇనుప తలుపు వెనక భాష

బర్గూరు నుండి మాకు ఒక కథ చేరింది. రాసినది కళాశాల విద్యార్థి. నలుగురు స్నేహితులు సెలవుల్లో కొండెక్కి, ప్రభుత్వం ఎప్పుడో వదిలేసిన రహస్య పరిశోధన కేంద్రంలోకి దూరడం ఇందులోని వస్తువు. 2006 నాటి చట్టంతో తమిళనాట పదో తరగతి దాకా క్రమంగా తమిళం తప్పనిసరైంది. ఆ తరంవాడు తెలుగులో కథ రాశాడంటే ముందు సంతోషించవలసిందే. అయితే ఆ సంతోషం విమర్శకు అడ్డు రాకూడదు.

మొదటి రెండు పుటలు బాగున్నాయి. మామిడితోపు, బండలు కొట్టే చోటి దుమ్ము, మూటలో సంగటి ముద్ద, "తాతకు చెప్పొద్దురా" అనే మాట, అన్నీ ఆ నేలవే. ఇనుప తలుపు తెరుచుకోగానే భాష మారిపోతుంది. పిల్లలు అప్పటిదాకా మాట్లాడిన తెలుగు బయటే నిలిచిపోయి, అనువాద చిత్రాల సంభాషణ లోపలికి వస్తుంది. ఎర్రదీపాలు, గాజు జాడీల్లో వికృతాకారాలు. అక్కడ ఏం పరిశోధించారో రచయితకే తెలియదు, రహస్యమల్లా అదే.

కల్పన మీద మాకు అభ్యంతరం లేదు. కథలో ఒకచోట, ఒక పిల్లవాడి తాత కోలారు బంగారు గనిలో పనిచేశాడని ఉంది. రచయిత ఆ వాక్యాన్ని మళ్లీ ముట్టుకోలేదు. బర్గూరుకు ఉత్తరాన, కర్ణాటకలో, ఏభై మైళ్ల లోపే ఉన్న ఆ గనుల్లో నిజంగానే ప్రయోగశాల ఉండేది. టాటా మౌలిక పరిశోధన సంస్థవారు జపాను, ఇంగ్లండు శాస్త్రజ్ఞులతో కలిసి ఛాంపియన్ రీఫ్ గనిలో సుమారు 2,300 మీటర్ల లోతున పరికరాలు అమర్చి, 1965లో, విశ్వకిరణాల వల్ల వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. (అదే ఏడు దక్షిణాఫ్రికా గనిలో మరొక బృందం పట్టుకుంది.) అంత మందపు రాయి తక్కిన కణాలను దాదాపుగా ఆపేస్తుంది, న్యూట్రినో దూసుకొస్తుంది. 1980లలో ప్రోటాను క్షయిస్తుందా అని 140 టన్నుల పరికరంతో అక్కడే కనిపెట్టి చూశారు. 1992లో ప్రయోగశాల మూతపడింది, 2001లో గనులు. నీరు తోడే యంత్రాలు ఆగాక లోతు భాగాలు మునిగిపోయాయి.

ఇందులో రహస్యమేమీ లేదు, ఫలితాలు అచ్చయినవే. మేము చదివిన మొరసునాటి కథల్లో మాత్రం ఈ ప్రయోగశాల కనబడలేదు. గని అంటే మనకు బంగారం. 2018 తరువాత, సినిమా. నేడు ఏ విద్యార్థీ ఆ చోటికి దిగలేడు. దిగినవారిని అడగడమే మిగిలిన దారి. పాతాళపు వేడి, ఉన్నట్టుండి బండ పగిలే చప్పుడు ఎరిగిన తాత ఇంట్లో ఉండగా గాజు జాడీల కోసం వెదకడం ఎందుకు? ఆయన మాటలు రాసుకుని ఉంటే ఇనుప తలుపు వెనక కూడా కథ తెలుగులోనే సాగేది.

కథను తిప్పి పంపుతూ రచయితను ఒక్కటే అడిగాము: కథలోని తాత మీ తాతగారే అయితే, మనుషులను గనిలోకి దింపే ఆ ఇనుప గూడును ఆయన ఏమనేవారు?